వెతూరియా ఎంచుకున్న జాడీలు

వెతూరియా పేరెత్తితే మా కుమ్మరి వీధిలో ఎవరైనా ముందు ఆ ప్లాస్టిక్ రోజు గురించే చెబుతారు. సెప్టెంబరు నెల. ఇంటింటా చలికాలపు నిల్వకి లావు మిరపకాయలు కాలుస్తున్నారు, వీధంతా పొగ. ఆవిడ వంటింటి కిటికీ బార్లా తెరిచి ఒక్కొక్కటీ బయటికి విసురుతోంది. వనస్పతి డబ్బాలు, పెరుగు బకెట్లు, ఐస్‌క్రీమ్ డబ్బాలు, మూతలు పోయిన డబ్బాలు, డబ్బాలు పోయిన మూతలు. ఆఖరికి క్యాబేజీ ఊరబెట్టే నీలం పీపా వంతు వచ్చింది. అది కిటికీలో ఇరుక్కుంది. లోపలినుంచి కాలెత్తి ఒక్క తన్ను తన్నింది. పీపా దొర్లుకుంటూ వచ్చి నా గేటు దగ్గర ఆగింది.

"ఏమేవ్, పూనకం గానీ వచ్చిందా నీకు?" అన్నాను.

"వచ్చిందక్కా! ఇరవై రెండేళ్ళ కింద రావాల్సింది, ఇప్పుడొచ్చింది!"

ఆ ఇరవై రెండేళ్ళ సంగతి చెప్పకపోతే మనిషి అర్థం కాదు. పద్దెనిమిదో ఏట ఊరవతలి ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో చేరింది. బకెట్లకి పిడులు బిగించే పని. ఇంటికొచ్చాక మూడుసార్లు తలంటుకున్నా జుట్టులోంచి కాలిన వాసన పోయేది కాదు. మొగుడు ఆ కంపు భరించలేనని వేరే గదిలో పడుకునేవాడు. తర్వాత ఆ మహానుభావుడు ఇటలీకి తోటపనికి వెళ్ళి, అక్కడే ఇంకో కాపురం పెట్టుకుని, శాశ్వతంగా వేరే గదిలో పడుకున్నాడు. వెతూరియాకి నాలుగు కడుపులొస్తే మూడు పోయాయి. నీ ఒంటి తత్వమే అంత అన్నాడు ఫ్యాక్టరీ డాక్టరు. ఆవిడ మాత్రం ఆ పొగే తన బిడ్డల్ని తినేసిందని నమ్మింది. ఇంతా చేసి ఆ ఫ్యాక్టరీ వాళ్ళు ఏటా కొత్త సంవత్సరానికి ఇచ్చే కానుక ఏమిటంటారు? డబ్బాల సెట్టు. ఏడాదికొకటి చొప్పున వంటింటినిండా అవే పేరుకున్నాయి.

మిగిలిన ఒక్క కూతురు స్మరాండా. పెళ్ళయింది. అల్లుడు దోరు రొట్టెల బండి నడుపుతాడు, అందరూ ఒకే ఇంట్లో ఉంటారు. ఆ పిల్లకి కూడా రెండు కడుపులు నిలవలేదు. ఆ ఆగస్టులో మూడోది. వెతూరియా ఆ పిల్లని కాలు కింద పెట్టనివ్వలేదు, బిందె ఎత్తనివ్వలేదు, పిల్లిని కూడా ఇంట్లోంచి పంపేసింది. ఒక ఉదయం టీవీలో ఎవరో తెల్లకోటు ఆవిడ చెప్పిందట, ప్లాస్టిక్ మెల్లమెల్లగా తిండిలోకి దిగుతుంది, తిండిలోంచి కడుపులో బిడ్డకి చేరుతుంది అని. వెతూరియా శిలువ గుర్తు వేసుకుంది, టీవీ కట్టేసింది, కిటికీ తెరిచింది. ఆ తర్వాతది వీధంతా చూసింది.

నేనెవరినో కూడా చెప్పాలి. నా పేరు ఇలీంకా. కుమ్మరి గ్లిగోర్ పెళ్ళాన్ని, మూడేళ్ళుగా అతని విధవని. వెతూరియా పెళ్ళిలో చర్చిలో వాళ్ళ తలల మీద కిరీటాలు పట్టుకున్నది మేమిద్దరమే. మా ఓల్టేనియా కొండల్లో అలా కిరీటం పట్టినవాళ్ళు కన్నవాళ్ళతో సమానం. ఏ కష్టమొచ్చినా ముందు వాళ్ళ గుమ్మమే తొక్కుతారు. అందుకే మర్నాడు వెతూరియా నా గుమ్మం తొక్కింది.

"అక్కా, వంటిల్లు బోసిపోయింది. మళ్ళీ నింపాలి. నువ్వు తోడుండి ఎంచిపెట్టు."

నాకు సంతోషమేసింది. ఈ రోజుల్లో మమ్మల్ని అడిగేవాళ్ళెవరు? సంతకి వెళ్తే జనం మా జాడీలు ఎత్తి చూసి, బరువుగా ఉన్నాయని కింద పెట్టి, పక్క కొట్టులో బకెట్లు కొనుక్కుపోతారు.

వారం రోజులు ఇద్దరం అదే పని మీద ఉన్నాం. రొట్టెకి జనపనార గుడ్డ సంచులు కుట్టింది, అంచుకి ఎర్ర దారంతో కుట్టుపని కూడా చేసింది. ఉప్పుకి వాళ్ళమ్మ నాటి వాల్‌నట్ చెక్క పెట్టె అటకమీంచి దింపాం. ఉప్పునీళ్ళలో నానే జున్నుకి చెక్క తొట్టి. చిక్కుళ్ళకి, మొక్కజొన్న పిండికి మూతలున్న పింగాణీ డబ్బాలు, పెచ్చులూడనివి ఏరుకుని మరీ కొంది. ఉల్లిపాయలు జడలల్లి వేలాడదీసింది. ఇక మిగిలింది పులుపు. పులుపంటే మా ఇళ్ళలో మాటలా? ఊరిన క్యాబేజీ, పచ్చి టమాటాలు, వెనిగర్‌లో మిరపకాయలు, రేగుపళ్ళు, అన్నిటికీ మించి బోర్ష్. తవుడు పులియబెట్టి తీసిన ఆ పుల్లటి నీళ్ళు లేకపోతే మాకు చారు లేదు. కడుపుతో ఉన్న ఆడవాళ్ళయితే దాన్ని ఉత్తదే కప్పులో పోసుకుని తాగుతారు.

"గాజు సీసాలు పెట్టుకోవే, ఏ గొడవా ఉండదు" అన్నాను. నిజంగానే అన్నాను. దేవుడు సాక్షి.

"ఛీ, ఆసుపత్రిలో మందుల గదిలా ఉంటుంది. నాకు చూడగానే కడుపు నిండాలక్కా. రేపు నా మనవరాలు ఆ వంటింట్లో పాకుతుంది, అందంగా ఉండొద్దూ?"

మనవరాలే అని అప్పటికే తీర్మానించేసుకుంది. నా మేనల్లుడు తొవాదెర్ చేసే కొత్తరకం జాడీలు చూపించాను. అవి గోధుమరంగువి, పూత మందంగా, మెరుపు లేకుండా ఉంటుంది. వాటికేం భయం లేదు, ఏమైనా పోసుకోవచ్చు. ఒకటి చేతిలోకి తీసుకుని మూతి ముడిచింది.

"బూడిదలో పొర్లాడినట్టున్నాయి. గ్లిగోర్ బావ చేతివి ఒక్కటీ మిగల్లేదా?"

మిగిలాయి. కొట్టం వెనక గడ్డిలో పన్నెండు. మా ఆయన ఆఖరి ఆవంలో కాల్చినవి. లేవంటే పోయేది, కొట్టంలో ఉన్నాయని చెప్పేశాను. తనే కొట్టంలోకి వెళ్ళి గడ్డి తప్పించింది. ఆకుపచ్చ జాడీలు, లోపలా బయటా ఒకటే మెరుపు, భుజాల మీద తెల్ల చుక్కల దండ. తలుపులోంచి పడ్డ కాస్త ఎండకే కొట్టమంతా వెలుగొచ్చింది.

"అమ్మో అమ్మో, ఇవి పెట్టుకుని నన్ను బూడిద జాడీలతో బేరమాడతావా!" అని గడ్డిలోనే చతికిలబడి ఒకదాన్ని ఒళ్ళో పెట్టుకుంది.

ఇక్కడ ఒక్క విషయం సూటిగా చెప్పేస్తాను. ఆ మెరుపు సీసంది. గ్లిగోర్ తండ్రి, తాత అందరూ సీసాన్ని బూడిద చేసి, రాగి పొడి కలిపి, తిరగల్లో విసిరి పూసేవారు. అలా విసిరి విసిరే మా మావగారి మణికట్లు వాలిపోయాయి, చెంచా పట్టుకోలేకపోయేవారు. గ్లిగోర్‌కి ఏళ్ళతరబడి కడుపునొప్పి. ఆ పూతలో పాలు పోసినా, పప్పులు పోసినా ఫరవాలేదనేవారు మావాళ్ళు. పులుపు తగిలితే మాత్రం సీసం తిండిలోకి దిగుతుంది. మా కుమ్మరిళ్ళలో ఇది పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. పైకి చూస్తే ఏది దేనికో కుమ్మరికి తప్ప తెలియదు, అందుకే మాకొక పద్ధతి ఉంది. కొన్నవాళ్ళ చేతికి కుండ ఇచ్చేముందు వేలి కణుపుతో దాన్ని ఒకసారి కొట్టి మోగించాలి, మోగించి, అది దేనికో పైకి చెప్పాలి. "ఇది పొయ్యికి." "ఇది పాలకి." "ఇది గోడకి." గోడకి అంటే చూసుకోవడానికే, తినడానికి కాదు అని. ఆ మాట చెప్పకుండా ఇచ్చిన కుండ అమ్మినట్టు కాదు. మా అత్తగారు సంతలో ఎంత రద్దీ ఉన్నా ఒక్కో కుండకీ ఆ మాట చెప్పేది, గొంతు పోయేదాకా చెప్పేది.

ఆ పన్నెండూ గోడవి.

వెతూరియా మొదటి జాడీ అందుకోవడానికి చేతులు చాచింది. ఆ మొహంలో సంతోషం చూశాను. మూడేళ్ళుగా గడ్డిలో దాగున్న నా మొగుడి చేతిపని మళ్ళీ ఒక వంటింట్లో, పొద్దున్నే ఎండ పడే చోట, ఒక ఆడమనిషి తుడిచి ముద్దుచేసే చోట ఉంటుందనుకున్నాను. "గోడకి" అన్నానంటే కింద పెట్టేస్తుంది. దానికి కావాల్సింది గోడమీద బొమ్మ కాదు. కణుపుతో కొట్టాను. చక్కగా మోగింది.

"ఇది ఇంటికి" అన్నాను.

అలాంటి మాట మా వీధిలో లేదు. ఏ కుమ్మరీ ఏనాడూ అనలేదు. వెతూరియా ఫ్యాక్టరీ మనిషి, మా వీధికి కోడలిగా వచ్చింది గానీ కుమ్మరింటి పుట్టుక కాదు. తల ఊపి తీసుకుంది. పన్నెండుసార్లు కొట్టాను, పన్నెండుసార్లూ అదే మాట అన్నాను.

ఆ చలికాలమంతా వీధి ఆడవాళ్ళు ఏదో వంకన ఆ వంటిల్లు చూడ్డానికి వెళ్ళారు. కిటికీ కింద పొడుగాటి చెక్క, దానిమీద పన్నెండు ఆకుపచ్చ జాడీలు, మూతులకి తెల్లగుడ్డ కట్టి, ఎర్ర దారంతో ముడి. ముసలి పరస్కీవా అయితే నిలబడి దణ్ణం పెట్టింది. "చర్చిలో కూడా ఇంత కళ లేదే తల్లీ!" అంది. తొవాదెర్ కూడా ఒకసారి చూశాడు. అందులో ఏం పోశారని వాడు అడగలేదు, గోడవని తెలిసి ఎవరైనా పోస్తారని వాడికి తోచనైనా తోచదు. నేను పొంగిపోయాను. సిగ్గులేకుండా చెబుతున్నాను, పొంగిపోయాను. ఇంటికొచ్చి గ్లిగోర్ ఫొటో ముందు చెప్పుకున్నాను కూడా.

భయం లేదా అంటే, ఉంది. ఒకసారి ఉండబట్టలేక అన్నాను.

"ఒసే, ఆ బోర్ష్ ఒక్కటీ గాజు సీసాలోకి మార్చరాదూ?"

"ఎందుకు?"

"ఊరికే. ఎంత పులిసిందో బయటికి కనబడుతుంది కదా."

"మూత తీస్తే వాసనే చెబుతుందిలే అక్కా. వరసలో ఒకటి తీస్తే పన్ను ఊడినట్టుంటుంది."

సరేలే అన్నాను. ఆ సరేలేని తలుచుకుంటే ఇప్పటికీ నా నాలుక కోసుకోవాలనిపిస్తుంది.

క్రిస్మస్ దాటాక స్మరాండా పాలిపోయింది. కడుపులో మెలిపెడుతోందని వంగిపోయేది. తలనొప్పి, అన్నం సహించదు, సహించేది ఆ పుల్లనీళ్ళే. కడుపుతో ఉన్నప్పుడు మామూలేనని ఆడవాళ్ళందరూ తలో మాట అన్నారు. నేనూ అన్నాను. ఆ మెలితిప్పే నొప్పిని ముప్పై ఏళ్ళు నా మంచం మీదే చూసినదాన్ని, నేను కూడా మామూలే అన్నాను.

మార్చిలో, ఏడో నెల నడుస్తుండగా, నొప్పులొచ్చాయి. జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆడపిల్ల. అరచేతి కన్నా కాస్త పెద్దది అంది వెతూరియా. బతకదని తెలిసి అక్కడి నర్సే నీళ్ళు చల్లి, బాప్తిస్మమిచ్చి, అంగెలీనా అని పేరు పెట్టింది. రెండు రోజులుంది. రెండో రోజు సాయంత్రం వెతూరియా నాకు ఫోన్ చేసి ఏడవలేదు. "అక్కా, దానికి గోళ్ళు కూడా ఉన్నాయే" అంది. అంతే, పెట్టేసింది.

వారం తర్వాత రక్తపరీక్ష కాగితాలు వచ్చాయి. స్మరాండా రక్తంలో సీసం ఉందన్నాడు డాక్టరు. ఇంటి దగ్గర పాత గొట్టాలున్నాయా, పాత రంగులున్నాయా, బ్యాటరీలు కరిగించేవాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగాడట. దోరుకి గొట్టాలు తోచాయి. తాతల కాలం నాటి గొట్టాలు మరి. పనికి సెలవు పెట్టి ఒక్కడే వాకిలి తవ్వాడు. బావి దగ్గర్నుంచి వంటింటి గోడదాకా, నడుంలోతు. వానల్లో తవ్వాడు. చేతులు బొబ్బలెక్కి గుడ్డలు చుట్టుకుని తవ్వాడు. నేను మా గేటు దగ్గర నిలబడి చూశాను.

"దొరికాయా నాయనా?" అని అడిగాను ఒకరోజు.

"ఇనపవే కనిపిస్తున్నాయి పెద్దమ్మా. ముందుకి ఉంటాయి. ఉండకపోతే ఎక్కణ్ణించి వస్తుంది చెప్పు?"

చెప్పలేదు. అప్పుడు చెప్పినా ఆ కుర్రవాడికి పది రోజుల చాకిరీ తప్పేది. స్మరాండా అప్పటికీ ఆ జాడీల్లోదే తింటోంది. అదీ తెలుసు. చెబితే గ్లిగోర్ పేరు మట్టిలో కలిసిపోతుందని నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. గ్లిగోర్ బతికుంటే ఆ జాడీలు ఇచ్చేవాడే కాదు. పోయేది నా పేరే.

నలభయ్యో రోజున పాపకి దానాలు పెట్టారు. చచ్చిపోయినవాళ్ళ పేరు చెప్పి మనం ఇక్కడ ఇచ్చే కుండ, కుండలో తిండి, పైన కొవ్వొత్తి, అవే వాళ్ళకక్కడ చేరతాయి. పుచ్చుకోనని ఎవరూ అనకూడదు. ఇచ్చింది వెనక్కి తీసుకోకూడదు. వెతూరియా వాకిట్లో, గొట్టాలకోసం తవ్వి పూడ్చిన గొయ్యి పక్కన, పొడుగాటి బల్ల వేయించింది. నేను వెళ్ళేసరికి బల్లమీద పన్నెండు ఆకుపచ్చ జాడీలున్నాయి. ప్రతిదాంట్లో పుల్ల క్యాబేజీ ఆకులో చుట్టిన మాంసం ఉండలు, రసంతో సహా. పైన రొట్టె, రొట్టెలో కొవ్వొత్తి.

"ఇవెందుకే ఇచ్చేస్తున్నావు?" అన్నాను.

"దానికోసం కొన్నవే కదక్కా. దానికే పోనీ."

ఫాదర్ గారు ప్రార్థన చదివి వెళ్ళారు. వెతూరియా ఒక్కొక్క జాడీ ఎత్తి, ఒక్కొక్కరి చేతిలో పెడుతోంది. "అంగెలీనా కోసం." "దేవుడు స్వీకరించుగాక." పరస్కీవాకి ఇచ్చింది. పక్కింటివాళ్ళకి ఇచ్చింది. తర్వాత నాలుగిళ్ళ అవతలి మనిషికి. ఆవిడ ఒళ్ళో ఆమె చిన్నకూతురు, నాలుగేళ్ళది, జాడీలో వేళ్ళు ముంచి రసం నాకడం మొదలుపెట్టింది. నాకి, పుల్లగా ఉందని నవ్వి, మళ్ళీ ముంచింది.

"ఆ పిల్ల చెయ్యి తియ్యండి!" అని అరిచాను. "ఎవరూ తినకండి! అవి గోడ జాడీలు! సీసం పూత!"

మా వీధివాళ్ళకి అంతకన్నా వివరం అక్కర్లేదు. తల్లి పిల్ల వేళ్ళని తన గౌనుతో గట్టిగా తుడిచేసింది. పిల్ల ఏడుపు లంకించుకుంది. మిగతా అందరూ నిలబడిపోయారు. వెతూరియా చేతిలో ఎనిమిదో జాడీ ఉంది. దాన్ని కింద పెట్టలేదు.

"నీకెప్పుడు తెలిసింది?"

"ముందునుంచీ తెలుసు."

"నాకిచ్చినప్పుడు తెలుసా?"

"తెలుసే."

"గొట్టాలు తవ్వుతున్నప్పుడు?"

ఊఁ అన్నాను. దోరు పూడ్చిన మట్టి మీద అలాగే కూర్చుండిపోయాడు. స్మరాండా గుమ్మం దగ్గర కుర్చీలో ఉంది. ఏడవలేదు, అరవలేదు, ఏదో లెక్క సరిచూసుకుంటున్నదానిలా మెల్లగా అంది.

"రోజుకి రెండు కప్పులు తాగేదాన్ని పెద్దమ్మా. అమ్మ చర్చికి వెళ్ళిన రోజున నువ్వే పోసిచ్చావు. ఇంకో గుక్క తాగు, బిడ్డకి బలం అన్నావు."

అన్నాను. అదీ నేనే అన్నాను.

వెతూరియా పరస్కీవా దగ్గరికెళ్ళి జాడీకోసం చెయ్యి చాచింది. ముసల్ది ఇవ్వలేదు, గుండెకి అదుముకుంది. "ఒద్దే తల్లీ, ఇచ్చింది తీసుకోకూడదే! పసిపిల్ల అక్కడ ఖాళీ చేతుల్తో నిలబడుతుందే!"

"విషం పట్టుకుని నిలబడేకన్నా అదే నయం అవ్వా. ఇయ్యి."

ఒక్కొక్కరి దగ్గరా వెనక్కి తీసుకుంది. నా బతుకులో అలాంటిది చూడలేదు, మా అత్తగారి కాలంలోనూ జరిగుండదు. ఆడవాళ్ళు కొందరు కళ్ళు మూసుకున్నారు. పన్నెండింటిలోదీ గోతి మట్టి మీద ఒంపేసింది. కొవ్వొత్తులు మాత్రం ఏరి ఒళ్ళో వేసుకుంది. తర్వాత అల్లుణ్ణి లేపి కొట్టుకి పంపింది. కొట్లో ఏముంటాయి? మూత నొక్కితే టక్కుమనే తెల్ల ప్లాస్టిక్ డబ్బాలు. వాటినే తెచ్చాడు. వెతూరియా వాటికేసి ఒక్క క్షణం చూసి, లోపలికెళ్ళి చక్కెర కలిపి ఉడికించిన గోధుమల పళ్ళెం తెచ్చింది. డబ్బాల్లో పెట్టింది. కొవ్వొత్తి నిలబడక వంగిపోతుంటే ప్రతిదాన్నీ రొట్టెముక్కతో నిలబెట్టింది.

మళ్ళీ మొదటినుంచి ఇవ్వడం మొదలుపెట్టింది. "అంగెలీనా కోసం." "దేవుడు స్వీకరించుగాక." నేను నా చోట్లోనే నిలబడ్డాను. వెళ్ళిపోవాల్సింది. వెళ్ళలేదు. దానం పెట్టేచోట మా వాళ్ళు ఎంత పగవాడినైనా దాటిపోరు, ఆ ధైర్యంతోనే కాబోలు, రెండు చేతులూ చాచాను. వెతూరియా నా ఎదుటికొచ్చింది. డబ్బా చేతిలో ఉంది, కొవ్వొత్తి వెలుగుతోంది.

"చేతులు దించెయ్యి అక్కా" అంది, తిట్టినట్టు కూడా కాదు. "నీ చేతిలో పెడితే దానికి చేరదు."

నన్ను దాటి పక్కమనిషికి ఇచ్చింది. చేతులు దించుదామనుకుంటున్నాను గానీ అవి నా మాట వినలేదు. చివరికి పరస్కీవాయే తన డబ్బా బల్లమీద పెట్టి వచ్చి, నా రెండు చేతులూ పట్టుకుని కిందికి దించింది.